అడవి ముచ్చట: 'ఏమీ కనబడలేదు' అని రాసిన కాగితం కూడా లెక్కే

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా నల్లమల చుట్టుపక్కల నుంచే వచ్చాయి. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. మొదటి ఉత్తరానికి మాత్రం కాస్త పెద్ద జవాబు రాశాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఆ తమ్ముడి బాధ నేనూ పడ్డదే.

ప్రశ్న: నేను దేవరకొండలో బీఎస్సీ బాటనీ చివరి సంవత్సరం చదువుతున్నాను. జంతువుల లెక్కింపు కోసం వాలంటీరుగా అమ్రాబాద్ అడవికి వెళ్లాను. మూడు రోజులు తెల్లవారుజామునే లేచి రెండు కిలోమీటర్ల లైను (లెక్కకోసం ముందే గీసిపెట్టిన తిన్నని దారి) నడిచాం. ఒక్క జంతువు కనబడలేదు. మూడు రోజులూ ఫారంలో 'లేదు' అనే రాశాను. పులిని చూశావా అని ఫ్రెండ్స్ ఒకటే నవ్వుడు. నా మూడు రోజులు వేస్టేనా? రీసెర్చ్ చేయాలని ఉంది, కానీ రీసెర్చ్ అంటే ఇదేనా?

జవాబు: ఇదే తమ్ముడూ, రీసెర్చ్ అంటే ఇదే. నీ మూడు రోజులు వేస్టు కాలేదు, అది లెక్క వేసి చూపిస్తాను.

ఒక బీట్‌లో, అంటే ఒక ఫారెస్ట్ గార్డు చూసే అడవి ముక్కలో, పది నడకలు నడిచారనుకో. ఒక్కోటి రెండు కిలోమీటర్లు, మొత్తం 20. నాలుగు నడకల్లో ఒక్కో దుప్పుల మంద కనబడింది, ఆరు నడకల్లో ఏమీ కనబడలేదు. అంటే 20 కిలోమీటర్లకు 4 మందలు, ఐదు కిలోమీటర్లకు ఒకటి. ఇప్పుడు ఎవరో ఆ ఆరు ఖాళీ కాగితాలు తీసి 'వీటిల్లో ఏముందిలే' అని పక్కన పడేశారనుకో, 8 కిలోమీటర్లకే 4 మందలు అయిపోతాయి, రెండు కిలోమీటర్లకో మంద అన్నమాట. అడవి అదే, దుప్పులు అవే, కాగితం మీద మాత్రం రెండున్నర రెట్లు పెరిగిపోయాయి. రేపు ఆ లెక్క చూసి 'ఇక్కడ దుప్పులు బాగానే ఉన్నాయి, కాపలా తగ్గించినా పర్లేదు' అని ఎవరైనా అనుకుంటే ఆ తప్పు అడవికి చుట్టుకుంటుంది. అందుకే 'లేదు' అని నిజాయితీగా రాసిన నీ కాగితం చాలా విలువైనది. అడవిలో నేను భయపడేది పులికి కాదు, నామోషీ అనిపించి కనబడని జంతువును కనబడిందని రాసేవాళ్లకు.

ఇంకో సంగతి. జంతువు కనబడకపోయినా నువ్వు ఆ లైను మీద చాలా రాసే ఉంటావు. ప్రతి 400 మీటర్లకు ఆగి, నీ చుట్టూ 15 మీటర్ల దూరం దాకా ఏయే చెట్లున్నాయో, 5 మీటర్ల దూరం దాకా ఏ పొదలున్నాయో, కింద గడ్డి ఎంత, ఎండుటాకు ఎంత, వట్టి నేల ఎంత అని రాయించారా లేదా? పొడుగు 20 మీటర్లు, వెడల్పు 2 మీటర్ల పట్టీలో పెంటికలు లెక్కపెట్టించారా లేదా? దుప్పి నిన్ను చూసి వెళ్లిపోవచ్చు, దాని పెంటికలు ఎక్కడికీ పోవు. దుప్పివి చిన్నవి, కణుజు (సాంబారు) వేసినవి పెద్దవి. మనుబోతు (నీల్‌గాయ్), కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక) అయితే వేసిన చోటే మళ్లీ మళ్లీ వేసి కుప్ప చేస్తాయి. జంతువు కాలమ్ ఖాళీగా ఉండి పెంటికల కాలమ్ నిండుగా ఉందంటే, జంతువు ఉంది, నువ్వు నడిచిన గంటలో కనబడలేదు, అంతే. రెండూ ఖాళీ అయితే అప్పుడు ఆలోచించాలి.

పెంట సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఒక ఎండాకాలం వట్వర్లపల్లి దాటి లోపల నడుస్తున్నాం. బాట మధ్యలో నల్లటి పెద్ద ముద్ద. నేను 'ఎలుగుబంటి' అని రాసుకుని ముందుకు నడిచాను. మాతో వచ్చిన చెంచు పెద్దాయన మాత్రం అక్కడే కూర్చుండిపోయి ఒక పుల్ల విరిచి దాన్ని మెల్లగా విప్పాడు. పైన చెదపురుగుల తలలు, గోధుమ రంగులో, ఆవగింజ కన్నా చిన్నవి, వందల్లో ఉన్నాయి. మధ్యలో నాలుగు తునికి గింజలు, పట్టుకుంటే జారిపోయేంత నున్నగా. అడుగున మొర్రి (సారపప్పు) గింజలు. ఆయన చెయ్యెత్తి కుడివైపు వాలు చూపించి, 'మొర్రి అటే ఉంది, అటు పోయి తిని వచ్చింది, పొద్దుగాల వేసింది, లోపల ఇంకా తడి ఉంది' అన్నాడు. నేను ఒక్క మాట రాసుకున్న చోట ఆయన ఆ ఎలుగుబంటి రాత్రంతా ఎట్లా గడిపిందో చదివాడు. అదీకాక ఆ గింజలు కొన్ని అక్కడే మొలుస్తాయి. మొర్రి, తునికి చెట్లు వాలు దాటి ఇవతలికి ఎట్లా వచ్చాయని బాటనీ వాళ్లు అడిగితే, ఎలుగుబంటి కడుపులో వచ్చాయన్నదే జవాబు. నువ్వు చదివే బాటనీకి, జంతువుల లెక్కకు మధ్య గోడేమీ లేదు.

ఇక పులి. ఒకప్పుడు అడుగు ముద్రలు గీసుకుని పులుల్ని లెక్కపెట్టేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగల్లేదని 2005లో బయటపడ్డాక ఆ పద్ధతి పక్కకు పోయింది. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతా ఒకే పద్ధతిలో కెమెరాలతో, నీలాంటి వాళ్ల నడకలతో కలిపి లెక్కిస్తున్నారు. 2018 లెక్కలో 26,838 చోట్ల కెమెరాలు కడితే 3 కోట్ల 48 లక్షల పైగా ఫొటోలు వచ్చాయి. అందులో పులివి 76,651. సుమారు 450 ఫొటోలకు ఒకటన్నమాట! మిగతావన్నీ దుప్పులు, పందులు, పశువులు, మనుషులు, గాలికి ఊగిన గడ్డి. వాటన్నిటినీ దాటుకుంటూ వెళ్తేనే ఆ ఒక్కటి దొరుకుతుంది.

ఫొటోల నుంచి పులుల సంఖ్య ఎట్లా తేలుస్తారంటే, డిండి చెరువులో చేపలనుకో. 20 చేపలు పట్టి గుర్తు పెట్టి వదిలేశావు. వారం తర్వాత మళ్లీ 20 పడితే అందులో 5 గుర్తున్నవి. నాలుగింట ఒక వంతు గుర్తువి వచ్చాయి కాబట్టి చెరువులో ఉజ్జాయింపుగా 80 ఉన్నట్టు. పులికి మనం గుర్తు పెట్టక్కర్లేదు, చారలే గుర్తు. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు, ఒకే పులికి కుడి ఎడమల చారలు కూడా వేరు, అందుకే బాటకు రెండు పక్కలా రెండు కెమెరాలు కడతారు.

నీకు నా సలహా: పెన్సిల్‌తో రాయి. నా మొదటి ఏడాది జెల్ పెన్నుతో రాసిన మూడు రోజుల లెక్క ఒక్క వానకు నీలి మరకైపోయింది, ఆ చెట్ల కొలతలు మళ్లీ రాలేదు. చెట్టు చుట్టుకొలత ఎప్పుడూ నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులోనే తీసుకో, వాలు మీద అయితే పైవైపు నిలబడి. చదువుకు మన దగ్గరే ములుగు ఫారెస్ట్ కాలేజీ ఉంది (సిద్దిపేట జిల్లా ములుగు, సమ్మక్క సారక్కల ములుగు కాదు), డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్లది, అంతరించిపోతున్న జంతువుల కోసం పనిచేసే లాకోన్స్ అనే ల్యాబ్ ఉంది, వాళ్లూ నెహ్రూ జూ వాళ్లూ కలిసి పెంచిన మూషిక జింకల్ని 2017లో మీ అమ్రాబాద్ అడవిలోనే వదిలారు. సొంతంగా చిన్న ప్రాజెక్ట్ చేసినా సరే అనుమతి లేకుండా లోపలికి పోవద్దు, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కాలేజీ నుంచి లెటర్ పెట్టించుకో.

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. అడవి అంచున పత్తి చేను ఉంది. పోయిన నెల మేకపిల్ల పోయింది. చేలో పెద్ద అడుగులు పడ్డాయి. కొందరు చిరుత అంటారు, కొందరు దుమ్ములగొండి (హైనా) అంటారు, ఒకాయన పెద్దపులే అన్నాడు. రాత్రి నీళ్లు పెట్టనీకి పోవాలంటే టెన్షన్ అయితుంది. ఎట్లా గుర్తుపట్టాలి?

జవాబు: అన్నా, ముందు గోళ్లు చూడండి. నాలుగు వేళ్ల ముందు చిన్న చిన్న పొడుపులు కనబడితే అది కుక్క జాతో, దుమ్ములగొండో. పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి, బురదలో జారినప్పుడు తప్ప గోటి గుర్తు పడదు. తర్వాత మధ్యలో ఉండే పెద్ద మెత్త. పిల్లి జాతికి దాని వెనక అంచు మూడు బుడిపెలుగా ఉంటుంది, చిరుతకైనా పెద్దపులికైనా. దుమ్ములగొండికి ముందు కాళ్ల అడుగులు పెద్దవి, వెనక కాళ్లవి చిన్నవి, తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

చిరుతా పెద్దపులా అంటే సైజు చూడాలి. చిరుత అడుగు వెడల్పు మామూలుగా 7 నుంచి 9 సెంటీమీటర్లు, అంటే మీ నాలుగు వేళ్లు దగ్గరగా పెడితే ఇంచుమించు మూసుకుపోతుంది. పెద్దపులిది 12 దాటుతుంది, అరచెయ్యి పెట్టినా చుట్టూ గుర్తు మిగులుతుంది. అయితే ఒక్క అడుగు చూసి చెప్పొద్దు. తడి నేలలో అడుగు విచ్చుకుంటుంది, ఎండకు అంచులు రాలి ఇంకా పెద్దదవుతుంది. పెద్దపులి అన్నాయన మధ్యాహ్నం చూసి ఉంటాడని నా అనుమానం. పొద్దున ఏడు లోపు, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు చూడండి, వరసగా పడ్డ నాలుగైదు అడుగుల్లో గట్టి నేల మీద పడ్డదాన్ని ఎంచుకోండి. పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి నేరుగా పైనుంచి ఫొటో తీయండి. పక్కనుంచి తీస్తే కొలతకు పనికిరాదు. ఫారెస్ట్ వాళ్లు వచ్చేదాకా అడుగు మీద తట్ట బోర్లించి రాయి పెట్టండి.

మేకనో దూడనో చంపి వదిలేస్తే కళేబరాన్ని కదిలించకుండా వెంటనే బీట్ ఆఫీసర్‌కు చెప్పండి, కదిలిస్తే పరిహారం దగ్గర పేచీ వస్తుంది. దయచేసి దాని మీద పురుగుల మందు మాత్రం చల్లొద్దు. కోపం ఎంత ఉంటుందో నాకు తెలుసు, ఒక్క మేక పోతే ఇంట్లో ఎన్ని లెక్కలు తారుమారవుతాయో తెలుసు. కానీ ఆ మందుకు మీ ఊరి కుక్కలు పోతాయి, కాకులు పోతాయి, గద్దలు పోతాయి, మీ మీద కేసు కూడా అవుతుంది. మేకల కొట్టానికి పైకప్పు ఉందా? చిరుత గోడ అలవోకగా ఎక్కుతుంది కాబట్టి ఎంత ఎత్తు కంచె ఉన్నా పైన కప్పు లేకపోతే లాభం లేదు. నీళ్లకు పోయేటప్పుడు ఒక్కరే పోకండి, లైటు పట్టుకుని మాట్లాడుకుంటూ, ఫోన్‌లో పాట పెట్టుకునైనా పొండి. చిరుతకు మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే తప్పుకుంటుంది.

ప్రశ్న: శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటాక కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు పెడతాం. పుణ్యమే కదా, వద్దంటారెందుకు? (నకిరేకల్ నుంచి)

జవాబు: వద్దమ్మా. తిండి కోసం కోతులు రోడ్డు వదలవు, బండ్ల కింద పడతాయి. మీరు పెట్టిన దగ్గర్నుంచీ అడవిలో పండ్లు తిని గింజలు ఉమ్మే పని మానేస్తాయి, అంటే ఆ మేరకు చెట్లు మొలవడమూ తగ్గుతుంది. కవర్లు దుప్పులు మింగుతాయి. ఆ అరటిపండ్లు శ్రీశైలంలో ఆకలితో ఉన్న మనిషికి ఇవ్వండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేది కూడా జంతువులు దాటడానికే, గేటు దగ్గర సిబ్బందితో కొట్లాడకండి.

ప్రశ్న: నేను అమ్రాబాద్ మండలంలో ఆరోగ్య కార్యకర్తను. పెంటల్లో (చెంచుల గూడేల్లో) ఆడవాళ్లు చెట్లకు కట్టిన కెమెరాలంటే భయపడుతున్నారు. వాళ్లు తేనెకు, గడ్డలకు, బయటికి కూడా ఆ బాటలోనే పోవాలి. మా ఫొటోలు ఎవరు చూస్తారని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు ఆ భయం న్యాయమైనదే అని చెప్పండి అక్కా. 'అది పులి కోసం పెట్టింది, నీకెందుకు' అని తీసేయకండి. ఆ కెమెరా మోకాలి ఎత్తులో ఉంటుంది, ముందు నుంచి వేడి ఉన్న ఏ ప్రాణి కదిలినా క్లిక్ అంటుంది, పులా మనిషా అని చూడదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవి దగ్గర ఇట్లాంటి కెమెరాల వల్ల ఆడవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో 2024లో ఒక పరిశోధన బయటపెట్టింది. అక్కడ ఆడవాళ్లకు అడవంటే కట్టెలు ఏరుకునే చోటొక్కటే కాదు, ఇంట్లో పాడుకోలేని పాట పాడుకునే చోటు కూడా. కెమెరా వచ్చాక పాట ఆగిపోయింది. అది చదివాక నాకు రెండు రోజులు మనసు బాగాలేదు, ఎందుకంటే నేనూ ఎన్నో కెమెరాలు కట్టాను, మొదట్లో ఒక్కసారి కూడా పెంటలో ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. కట్టడానికి ముందు పెంటకు వెళ్లి కూర్చుంటాను. కెమెరా వాళ్ల చేతికిచ్చి, ఒక మేకను ముందు నుంచి నడిపించి, పడ్డ ఫొటో చూపిస్తాను. ఏ బాట ఎందుకు వాడతారో ఆడవాళ్లనే అడుగుతాను. వాళ్లు వద్దన్న చోట కట్టను. ఆ చోట వదిలేస్తే పులి లెక్క ఏమీ పాడవదు, వంద అడుగులు పక్కకు జరిపితే సరిపోతుంది. మనుషుల ఫొటోలు వేరుగా తీసి చెరిపేస్తాను. మీ దగ్గర కట్టినవాళ్లనూ ఇదే అడగండి: ఎక్కడెక్కడ కట్టారు, ఎన్ని రోజులుంటాయి, మనుషుల ఫొటోలు ఏం చేస్తారు. అడిగే హక్కు పెంటకు ఉంది. గ్రామసభలో ఈ మాట పెట్టించండి. కెమెరా పగలగొట్టడం మాత్రం వద్దని చెప్పండి, కేసుల్లో ఇరుక్కునేది మళ్లీ ఆ పెంటల పిల్లలే.

ప్రశ్న: అడవిని కాలిస్తే కొత్త గడ్డి బాగా వస్తుందని మా తాత అనేవాడు. నిజమేనా? (కొల్లాపూర్ నుంచి)

జవాబు: గడ్డి వస్తుంది, ఆ మాట అబద్ధం కాదు. ఎండు గడ్డి కాలిన చోట పచ్చ పిలకలు త్వరగా లేస్తాయి, మంటకు చచ్చినట్టున్న తునికి మొద్దు నుంచి లేత ఆకు వస్తుంది, బీడీ ఆకు కోసం నిప్పు పెట్టేది అందుకే. కానీ మీ తాతగారి కాలంలో ఒక చోట కాలిస్తే ఆ చోటు మళ్లీ కాలడానికి ఏళ్లు పట్టేది. ఇప్పుడు అదే వాలు ఏటా కాలుతోంది. నల్లమద్దికి మందమైన బెరడు, మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉంటుంది, పెద్ద చెట్టు తట్టుకుంటుంది. దాని కిందున్న మూరెడు మొక్క తట్టుకోదు. ఏటా కాలే చోట నిలబడి చూడండి, ముసలి చెట్లుంటాయి, పసి మొక్కలుంటాయి, మధ్య వయసు చెట్లే ఉండవు. నడి వయసు వాళ్లెవరూ లేని ఊరిలాగా అన్నమాట. ఆ ఖాళీలోకి లాంటానా అనే ముళ్ల పొద దూరుతుంది, అది కాలినా వేరు నుంచి మళ్లీ లేస్తుంది, దాని కింద గడ్డి మొలవదు. మంట నేల మీద గుడ్లు పెట్టే పిట్టల కాలంలోనే వస్తుందన్నది ఇంకో బాధ. ఇప్పుడు ఉపగ్రహాలు మంటను పసిగట్టి ఫారెస్ట్ సర్వే ద్వారా సిబ్బంది ఫోన్లకు కబురు పంపుతున్నాయి, కానీ ఫోన్ మోగాక కొండెక్కి ఆకుల కొమ్మలతో కొట్టి ఆర్పాల్సింది మాత్రం మనుషులే.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. ప్రభుత్వ బడిలో సైన్స్ చెబుతాను. పిల్లల్ని పిల్లలమర్రికి తీసుకెళ్తే 'చెట్టుకు సెలైన్ ఎందుకు పెట్టారు' అని అడిగారు, సరిగ్గా చెప్పలేకపోయాను. అట్లాగే అడవికి పోకుండా పిల్లలతో ఏమైనా పరిశోధన చేయించవచ్చా?

జవాబు: మేడం, ఆ మర్రి దాదాపు మూడెకరాలు పరుచుకుంది, వయసు సుమారు 700 ఏళ్లంటారు. చెదలు తొలిచేసి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగింది. 2018లో మందు పోసి చూస్తే బయటికి కారిపోయింది, అందుకే క్లోరిపైరిఫాస్ అనే చెదల మందు నీళ్లలో కలిపి సీసాల్లో పోసి, సెలైన్‌లాగా చుక్క చుక్క ఎక్కేటట్టు పెట్టారు. ఒరిగిన కొమ్మలకు కింద ఆసరాగా దిమ్మెలు కట్టారు, ఊడలు నేలకు దిగేటట్టు పైపులు పెట్టారు. పిల్లలకు ముఖ్యంగా ఆ ఊడల్ని చూపించండి. నేలకు దిగిన ఊడ కొన్నేళ్లకు మానై కొమ్మను మోస్తుంది, కాబట్టి మొదటి మాను పోయినా చెట్టు నిలబడుతుంది. జనం నడిచి నడిచి నేల గట్టిపడితే, ఊడలు పట్టుకుని ఊగితే ఆ పని ఆగిపోతుంది.

మీ బడి దగ్గర ఏదైనా మర్రి ఉంటే ఒక పండు కోసి భూతద్దంతో చూపించండి. లోపల సన్నని నల్ల పురుగులు కనబడతాయి. అవి మర్రికే ప్రత్యేకమైన చిన్న కందిరీగలు, అవి లేకపోతే మర్రికి గింజ కట్టదు. మర్రి పువ్వులన్నీ ఆ పండు లోపలే ఉంటాయని చెబితే పిల్లలు నమ్మరు, కోసి చూపించాల్సిందే.

పరిశోధన కూడా చేయించవచ్చు, ఖర్చేమీ లేదు. ఐదు చెట్లు ఎంచుకోండి: ఒక మోదుగ, ఒక వేప, ఒక చింత, ఒక ఇప్ప దొరికితే ఇప్ప, ఒక మర్రి. ఒక్కో చెట్టును ఇద్దరు పిల్లలకు అప్పజెప్పండి. ప్రతి సోమవారం లేత ఆకు ఉందా, పువ్వు ఉందా, కాయ ఉందా, ఆకు రాలుతోందా అని చూసి రాయాలి. సీజన్‌వాచ్ అని దేశమంతా బడి పిల్లలు ఇదే పని చేస్తున్నారు, మీ బడినీ అందులో చేర్చొచ్చు. ఎండలు ముదిరే తీరు మారుతున్నప్పుడు చెట్లు ఏం చేస్తున్నాయో తెలియాలంటే ఏళ్ల తరబడి ఒకే చెట్టును చూసిన వాళ్లు కావాలి, మన పాలమూరు జిల్లాల్లో అట్లాంటి రికార్డులు ఇంకా చాలా రావాలి. ఒక్క జాగ్రత్త: ఏమీ లేని వారం పిల్లలు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ గడి అంటే చూడలేదనా, చూస్తే పువ్వు లేదనా అన్నది తర్వాత ఎవరికీ తెలియదు. 'లేదు' అని రాయించండి, తేదీ వేయించండి. ఫిబ్రవరిలో మీ మోదుగ ఏ వారం మొదటి పువ్వు పూసిందో ఆ పేజీ ఫొటో తీసి నాకూ పంపండి.